ఉప్పు కుప్ప మీద పడ్డ మీసం

నేను ఒక మీసాన్ని. అలా ఎగాదిగా చూడకండి, మీరు రోజూ అద్దం ముందు దువ్వుకునే రకం కాదు. పెట్టుడు మీసాన్ని. నాలుగున్నర అంగుళాల పొడవు, చివర్లు పైకి తిరిగి, మధ్యలో సన్నటి పాయ. నన్ను చూసి చిన్నపిల్లలు అమ్మ కొంగు చాటుకి పోయిన రోజులున్నాయి. ఇంతా చేస్తే నేను పుట్టింది ఒక ఆడమనిషి తల మీద. ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. కోడంబాకంలో విగ్గులు కట్టే మునుస్వామి సన్నటి కొక్కెం పుచ్చుకుని, ఆమె జుట్టులోంచి ఒక్కొక్క వెంట్రుకా తీసి, దోమతెర లాంటి గుడ్డకి ముడి వేసుకుంటూ పోయాడు. మూడు రోజులు పట్టింది. ఆఖరి ముడి వేశాక తన పెదవి మీద పెట్టుకుని భార్యకి చూపించాడు. ఆవిడ ఒక్కసారి చూసి, అటు తిరిగి పప్పు కడుక్కుంది. నా జీవితంలో నాకు దక్కిన మొదటి సమీక్ష అదే. ఆ తర్వాత నన్ను అంటించుకుని ఎంతమంది “మగాడివైతే రారా!” అని తొడ కొట్టారో! ఆ మాట విన్నప్పుడల్లా నేను లోపల్లోపల పడీ పడీ నవ్వుకునేదాన్ని.

మొదట నన్ను కొన్నది తెనాలి వైపు ఒక నాటకాల దుర్యోధనుడు. పేరు చెప్పను, మనవలు బాధపడతారు. ఆయన రాగం అందుకుంటే ఇక దిగేవాడు కాదు. చెమటకి జిగురు వదిలి నేను సగం ఊడి వేలాడుతున్నా సరే, ఎడంచేత్తో నన్ను నొక్కిపట్టుకుని, కుడిచేత్తో గద ఊపుతూ పాడేవాడు. జనం “వన్స్ మోర్!” అని గోల పెట్టేవాళ్ళు. పద్యం కోసమని ఆయన మురిసిపోయేవాడు. పాపం, వాళ్ళు చూస్తున్నది నేనెప్పుడు ఊడిపడతానా అని. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు కిరీటాలూ గదలూ అటకెక్కించి, నన్ను మాత్రం ఒక మేకప్‌మన్‌కి ఇచ్చేశారు. అతని చేతుల మీదుగా వచ్చి ఈపూరి నరహరి మూతి మీద పడ్డాను.

నరహరి హీరో అవుదామని హైదరాబాదు వచ్చాడు. అందరూ అందుకే వస్తారనుకోండి. కానీ ఆయనది సెలవు చీటీ మీద సంతకం పెట్టే బళ్ళో మాస్టారి ముఖం. ఆ ముఖాన్ని ఏ డైరెక్టరూ పిలవలేదు. నన్ను అంటించిన రోజున పిలిచారు, హీరోగా కాదులెండి, విలన్ పక్కన నిలబడేవాడిగా. పదిహేనేళ్ళు, డెబ్బై ఒక్క సినిమాలు. దాదాపు అన్నిట్లోనూ ఒకటే డైలాగు: “అన్నా, వాడొచ్చాడన్నా!” ఆ మాట అనగానే హీరో రావడం, మమ్మల్ని ఎత్తి ఎటో విసిరెయ్యడం. కూరగాయల బండి మీదికి, గాజు తలుపులోకి, పేడగుంటలోకి, ఒకసారి పెళ్ళి భోజనాల సాంబారు గంగాళంలోకి కూడా. నటన మాట ఎలా ఉన్నా, పడటంలో మాత్రం నరహరికి మంచి పేరొచ్చింది. చేతులు రెండూ పైకెత్తి, నడుము వెనక్కి విరిచి, గాల్లో అర క్షణం ఆగి మరీ పడేవాడు. అలా పడటం ఇంకెవరికీ చేతకాదని ఫైట్‌మాస్టర్లే చెప్పుకునేవాళ్ళు.

ఆ పడటమే చివరికి మా కొంప ముంచింది. డెబ్బై ఒకటో సినిమాలో ప్రకాశం జిల్లా తీరాన, ఉప్పు మడుల్లో ఫైటు పెట్టారు. డైరెక్టరుకి నేల తెల్లగా, రక్తం ఎర్రగా కనపడాలట. “ఊళ్ళో మాట్లాడేశాం సార్” అన్నాడు మేనేజరు. ఎవరితో మాట్లాడాడో గానీ, ఆ మడుల్లో ఉప్పుని గట్టుకి లాగే ఆడవాళ్ళతో మాత్రం మాట్లాడలేదు. “జరగండమ్మా, ఫ్రేములో పడుతున్నారు” అన్నదొక్కటే వాళ్ళతో అన్న మాట. గట్టు మీద మనిషెత్తు ఉప్పు కుప్ప ఒకటుంది. హీరో గుద్దాడు. నరహరి నోట్లో ఎర్రరంగు పొట్లం పగిలింది. వెళ్ళి ఆ కుప్ప మీద పడ్డాడు. “ఇంకొక్కసారి” అన్నాడు డైరెక్టరు. మళ్ళీ పడ్డాడు. మబ్బు అడ్డొచ్చిందని ఇంకొక్కసారి. హీరో జుట్టు చెదిరిందని ఇంకొక్కసారి. రంగు చాల్లేదని, ఈసారి బిందెతో పోసి ఇంకొక్కసారి. అలా పదమూడుసార్లు పడ్డాక, సాయంత్రానికి అక్కడ కుప్ప లేదు, ఎర్రటి ముద్ద ఉంది.

యూనిట్ సర్దుకుంటుండగా, ఉప్పు లాగే చెక్క పలక పట్టుకుని ఒకావిడ గట్టు మీద నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. ఊరికే నరహరి వంక చూసింది. నేను ఆయన మూతి మీదే ఉన్నాను కాబట్టి ఆ చూపు నాకూ తగిలింది. వ్యానెక్కగానే నరహరి జిగురు వదిలించే మందైనా రాయకుండా నన్ను బరుక్కున పీకేశాడు. నాతోపాటు కొంచెం చర్మం కూడా వచ్చింది.

తర్వాత మూడు వేషాలు వద్దన్నాడు. మనసు బాలేదన్నాడు. సినిమావాళ్ళ లెక్కలో మనసు బాలేదంటే వేషం పెంచమని. పెంచారు. అయినా వద్దన్నాడు! ఒక చిన్న కెమెరా, ఒక మైకు కొనుక్కుని, ఇకమీదట డాక్యుమెంటరీలు తీస్తానన్నాడు. నిజాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాడట. డెబ్బై ఒక్క సినిమాల్లో చచ్చినట్టు నటించినవాడు! నేను, నన్ను దాచిపెట్టే దగ్గుబిళ్ళల డబ్బాలో పడుకుని విన్నాను, నమ్మలేదు. మొదటిది గంగిరెద్దుల మీద తీశాడు. ఎద్దు కంటే డైరెక్టరే ఎక్కువ కనబడ్డాడని ఒక పత్రికలో రాశారు. రెండోది పాత భవనాల్లో లిఫ్టు నడిపేవాళ్ళ మీద. దాన్ని చూసినవాళ్ళు పదకొండుమంది, అందులో నలుగురు లిఫ్టు నడిపేవాళ్ళే. అయినా మనిషి వెనక్కి తగ్గలేదు. అసలు ఆయన తియ్యాలనుకున్నది మూడోది. ఆ రెండూ దానికి రిహార్సల్సని నాకు తర్వాత అర్థమైంది.

మూడోది ఉప్పు మడుల మీద. కెమెరా పట్టుకోవడానికి షమీమ్ అనే అమ్మాయిని తీసుకెళ్ళాడు. ముప్పై దాటిన మనిషి, మాట సూటి. ఆమెతో మాత్రం నిజం చెప్పాడు. “ఆ కుప్ప తాలూకు మనిషి పేరు అంకమ్మ. కనుక్కున్నాను. ఆ రోజు తనకేం జరిగిందో ఆమె నోటితో కెమెరా ముందు చెప్పాలమ్మా. అది చెప్పించకపోతే నేను తీసినవన్నీ వేస్టు.”

“పడ్డది మీరేనని ఆవిడకి చెప్తారా సార్?” అంది షమీమ్.

“ముందు షూటింగ్ కానీ. తర్వాత చెప్తాలే.”

చూశారా! ఆవిడ నిజం బయటికి రావాలి, తన నిజం మాత్రం డబ్బాలో ఉండాలి. మూతి నున్నగా ఉంటే తనని ఎవరూ గుర్తుపట్టరని ఆయన ధీమా. నన్ను డబ్బాతో సహా జేబులో వేసుకుని ఎందుకు వెంట తెచ్చాడంటే, అలవాటు అన్నాడు. అదేం కాదు. నేను లేకుండా గడప దాటాలంటే ఆయనకి ఇప్పటికీ భయం.

మొదటి రోజే మడి గట్టు మీద కాలు జారి, చేతులు రెండూ పైకెత్తి వెనక్కి పడ్డాడు. లేచి దులుపుకుంటే ఎదురుగా అంకమ్మ. అరవై దాటిన మనిషి, కాళ్ళకి ఉప్పు నీళ్ళ పుండ్లు, వాటికి గుడ్డపీలికలు. “చూసుకుని నడువబ్బయా” అంది, అంతే. ఈయన ఊపిరి పీల్చుకుని, సినిమా తీస్తున్నాం, మీరు మాట్లాడాలి అన్నాడు. అట్టాగే అంది.

మర్నాడు పట్టుచీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలు పెట్టుకుని, పౌడరు రాసుకుని ఉప్పు లాగడానికి వచ్చింది.

“ఇదేంటమ్మా!” అన్నాడు నరహరి.

“సినిమా అన్నావుగా?”

“ఇది ఆ సినిమా కాదు. మీరు మామూలుగా ఉండాలి.”

“మామూలుగా అంటే ఎట్టా? ఓసారి చేసి చూపియ్యి.”

ఈయన చేసి చూపించాడండీ! ఆవిడ చేతిలో పలక తీసుకుని, మామూలు మనిషి మామూలుగా ఉప్పు ఎలా లాగుతాడో నటించి చూపించాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆకాశం వంక చూసి నిట్టూర్చాడు. పక్క మడుల్లో ఆడవాళ్ళు నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అంకమ్మ మాత్రం శ్రద్ధగా చూసి, అచ్చం అలాగే చేసింది, నిట్టూర్పుతో సహా. “బాగుంది, ఇంకొక్కసారి” అన్నాడు నరహరి. లాగిన ఉప్పుని మళ్ళీ మడిలోకి నెట్టి ఇంకొక్కసారి లాగింది. మడి అడుగున ఉన్న మట్టి కూడా కలిసి వచ్చింది.

సినిమావాళ్ళు మీ కుప్ప పాడుచేశారట కదా, ఏం జరిగిందమ్మా అని అడిగిన రోజున కళ్ళొత్తుకుంటూ ఏడ్చింది. నరహరి పొంగిపోయాడు. వెలుగు తగ్గింది, రేపు మళ్ళీ అన్నాడు. మర్నాడు గుండెలు బాదుకుని ఏడ్చింది. మూడో రోజు నవ్వుతూ ఏడ్చింది. ఆ తర్వాత గొంతు పెగలకుండా ఏడ్చింది. ఏ రోజుకారోజు ఆయన “అద్భుతం!” అనుకుంటూ గదికి వచ్చేవాడు. ఏడుపులైతే నాలుగొచ్చాయి గానీ, ఏం జరిగిందో ఆ నాలుగింటిలో ఒక్క ముక్కా లేదు.

ఒక సాయంత్రం షమీమ్ అన్నీ తిరగేసి చూసింది. “సార్, ఈవిడ నాలుగు రకాలుగా ఏడ్చింది. నాలుగూ బాగున్నాయి. నాకదే అనుమానం.”

“అంటే?”

“నటిస్తోంది సార్. మీకంటే బాగా.”

నరహరి ముఖం వాడిపోయింది. మబ్బులు పట్టడం మొదలై రెండు రోజులైంది. ఒక్క గట్టి వాన పడితే మడులన్నీ చెరువైపోతాయి, ఆడవాళ్ళు వేరే పనులు వెతుక్కుంటూ తలో దిక్కుకీ పోతారు. మళ్ళీ ఏడాదికి గానీ కలవరు. ఇన్నాళ్ళూ తీసిందంతా అబద్ధమైతే ఇక చేతిలో ఉన్నది రెండు మూడు రోజులే. ఆయన మంచం మీద కూర్చుని డబ్బా మూత తెరిచి నన్ను చూశాడు. నా దగ్గర మాత్రం ఏముంది సమాధానం? అంతసేపూ ఆయన్ని చూసి నవ్వుకున్నదాన్ని, ఆ పూట జాలేసింది.

మర్నాడు పొద్దున టీలు తాగుతుంటే అంకమ్మ గ్లాసు కింద పెట్టి మామూలుగా అడిగింది. “మీసం తెచ్చావా?”

నరహరి చెయ్యి నున్నటి మూతి మీదికి పోయింది. “ఏ... ఏ మీసమమ్మా?”

“నా కుప్ప మీద పడ్డ మీసం.”

“మీకు... మీకెప్పుడు తెలుసు?”

“నువ్వొచ్చిన పొద్దే. గట్టు మీద పడ్డావు చూడు, అప్పుడు. మొహం ఎవురికి గుర్తుంటది? అట్టా చేతులెత్తి పడేవోణ్ణి పదమూడుసార్లు చూశా.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“నువ్వెందుకు చెప్పలా?” అంది. “నీకు యాక్టింగే గదా తెలిసింది, యాక్టింగే ఇచ్చా. ఇయ్యాల నేనడుగుతా. నువ్వు చెప్పు. మీసం పెట్టుకో, మొహం గుర్తుపట్టాల గదా.”

షమీమ్ ఎవరినీ అడక్కుండా కెమెరా నరహరి వైపు తిప్పింది. ఆయన జేబులోంచి డబ్బా తీసి, నాకు జిగురు రాసి అంటించుకున్నాడు. వంకరగా అంటించాడు. పదిహేనేళ్ళలో నన్ను వంకరగా పెట్టుకోవడం అదే మొదలు. అంకమ్మ గంప బోర్లించుకుని ఎదురుగా కూర్చుంది. ఆడవాళ్ళంతా పలకలు పక్కన పడేసి చుట్టూ చేరారు.

“ఆ పొద్దు నా కుప్ప మీద పడ్డప్పుడు నీకేం అనిపించింది?”

నరహరి గొంతు బొంగురు చేసి, “అమ్మా, ఆ క్షణం నా గుండె ముక్కలైపోయింది...” అన్నాడు.

“ఇంకొక్కసారి” అంది అంకమ్మ.

ఈసారి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది ఆయనకి చిటికెలో పని.

“ఇంకొక్కసారి.”

“నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా...”

“పుండ్లున్నయ్, వద్దు. ఇంకొక్కసారి.”

నాలుగోసారి గొంతు తగ్గించాడు. ఐదోసారి డైరెక్టరు మీదికి నెట్టాడు, ఆరోసారి మేనేజరు మీదికి. చుట్టూ ఉన్నవాళ్ళు లెక్కపెడుతున్నారు. ఏడోసారి ఒళ్ళు మండి, “ఇంకేం చెప్పమంటారు నన్ను?” అని అరిచాడు. “ఇది కాస్త నయం. కానీ ఇది కాదు. ఇంకొక్కసారి” అంది ఆవిడ. ఎనిమిది, తొమ్మిది, పది. డైలాగులు అయిపోయాయి. ఎవరో రాసిస్తే తప్ప మాట పెగలని మనిషి, రాసిచ్చేవాడు లేక ఎండలో కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. నా ఎడమ కొస ఊడింది. పదకొండోసారి నేను పూర్తిగా నోటికి అడ్డం పడ్డాను. పన్నెండోసారి నన్ను పీకి గట్టు మీద పడేశాడు. పోరా, పదిహేనేళ్ళు నీ అన్నం నేను పెడితే ఇదా మర్యాద, అనుకున్నాను. కానీ అక్కడి నుంచి ఆయన ముఖం కనబడింది. అంత నున్నగా, అంత దిక్కులేకుండా ఎప్పుడూ చూడలేదు.

“పదమూడు” అన్నారు ఆడవాళ్ళు.

నరహరి నేల చూపులు చూస్తూ చెప్పాడు. “మెత్తగా ఉందనిపించింది.”

ఆడవాళ్ళు లెక్క ఆపేశారు.

“అంతకుముందు సినిమాలో గచ్చు మీద పడి భుజం పోయింది. ఇక్కడ ఉప్పు మెత్తగా ఉంది. దెబ్బ తగల్లేదు. ఇంకొక్కసారి అన్నప్పుడల్లా పోనీలే, మెత్తగానే ఉంది కదా అనుకున్నా. అది ఎవరిదో అనుకోలేదమ్మా. పదమూడుసార్లు పడ్డా, ఒక్కసారి కూడా అనుకోలేదు.”

అంకమ్మ ఇంకొక్కసారి అనలేదు. తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. షమీమ్ మెల్లగా కెమెరా అటు తిప్పింది.

“అది ఇరవై రోజుల ఉప్పు. ఎర్ర ఉప్పు ఎవురూ కొనరు గదబ్బయా. పారబొయ్యబుద్ధి గాలా. ఉప్పునీళ్ళతోనే కడిగా, ఎండబెట్టా. మళ్ళీ కడిగా. ఆ రంగు పోలా. ఇంటికి తీసకపొయ్యా. ఆ యేడంతా అదే తిన్నాం. ఏ కూర వండినా ఎరుపే. మా మనవరాలు పళ్ళెం ముందు కూసుని, ‘అమ్మమ్మా, కారం ఎక్కువేశావా?’ అనడిగేది. లేదమ్మా, తిను, అనేదాన్ని. ఎందుకు ఎర్రగుందో దానికి ఎట్టా చెప్పేది? మనం మనుషులమని ఆళ్ళకి కనపడలేదు తల్లీ, అందుకని ఎర్రగుంది, అని చెప్పేదా?”

కంట తడి లేదు. గొంతులో వణుకు లేదు. ఒక్కసారే చెప్పింది, లేచి పలక తీసుకుని మడిలోకి దిగింది. నరహరి అక్కడే కూర్చుండిపోయాడు. నాకు సిగ్గేసింది. అన్ని సినిమాల్లో నేను ఎంతమందిని భయపెట్టానని గొప్పలు పోయానో, ఆ పిల్ల పళ్ళెం ముందు అవన్నీ ఏపాటివి?

రెండు రోజులకే వాన దంచికొట్టింది. నన్ను గట్టు మీద ఎవరూ చూడలేదు. వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. నేను అక్కడే బురదలో ఉండిపోయాను. తర్వాతి సంగతులు మడుల్లో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నవి. సినిమా తయారయ్యాక, తను మాట్లాడిన ముక్క తీసేద్దామన్నాడట నరహరి. “అది తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యండి సార్” అందట షమీమ్. తియ్యలేదు. పెద్ద పెద్ద ఊళ్ళలో చూపించకముందే, ఎండలొచ్చాక మొదటి ఆట ఇక్కడే వేశాడు, పొద్దుగూకే వేళ, గట్టుకి ఎదురుగా ఉన్న ఉప్పు గోదాము గోడ మీద. అది మాత్రం నేను బురదలోంచే స్వయంగా చూశాను. “మెత్తగా ఉందనిపించింది” అన్న చోట జనం ఘొల్లున నవ్వారు. నరహరి వెనక వరసలో తలొంచుకుని కూర్చున్నాడు. ఎర్ర ఉప్పు దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆట అయ్యాక అంకమ్మ ఆయన దగ్గరికొచ్చి, “ఈ సినిమా నా కాడ ఉండాల” అంది. మనవరాలి ఫోన్లో ఎక్కించి ఇచ్చాడు. క్షమించావా అని ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ పూట వాళ్ళింట్లో అన్నం తిని వెళ్ళాడని మాత్రం తెలుసు.

నన్ను అంకమ్మే కనిపెట్టింది, గట్టు చెక్కుతుంటే పార మొనకి తగిలాను. చచ్చిన జెర్రి అనుకుని ముందు దూరంగా విసిరింది. తర్వాత దగ్గరికొచ్చి, పట్టి పట్టి చూసి, నవ్వుకుని, నీళ్ళలో జాడించి ఎండబెట్టింది. ఇప్పుడు నేను ఆవిడ కొత్త కుప్ప పక్కన నిలబెట్టిన దిష్టిబొమ్మ మూతి మీద ఉన్నాను. పాత చొక్కా, గడ్డి కడుపు, కుండ తలకాయ. జిగురు కూడా కాదండీ, తారు పూసి అంటించింది. ఇక ఊడే ప్రసక్తే లేదు.

ఆ తెల్లటి నేల అందం అలాంటిది, సినిమావాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉంటారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మేనేజరు ఎవరో కారు దిగి, అమ్మా, ఇక్కడ ఒక ఫైటు తీసుకోవాలి, అంటాడు. అంకమ్మ కాదనదు, అవుననదు. నా కింద నీడలో కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చి, “ముందు ఇది చూడు. చూసినాక అడుగు” అంటుంది. వాళ్ళు చూస్తారు. ఎర్ర ఉప్పు దాకా వచ్చాక తలెత్తి ఒకసారి కుప్ప వంక, ఒకసారి నా వంక చూస్తారు. ఫోను జాగ్రత్తగా గంప మీద పెట్టి, వచ్చిన దారినే కారెక్కుతారు. ఇప్పటికి ముగ్గురు వెళ్ళారు. డెబ్బై ఒక్క సినిమాల్లో నరహరి మూతి మీద ఎంత మెలి తిరిగి కూర్చున్నా ఏ హీరోనీ ఒక్క అడుగు వెనక్కి వేయించలేకపోయిన దాన్ని, నాకు ఇది చాలు.